ఛాసీ మీద కిటికీ

హెబ్రోనుకు పొగరని నాయుడుపేటలో అనని వాళ్ళు లేరు. ఉండదా మరి! లారీ గుద్ది నలిగిపోయిన కారు తలుపును మూడు రోజుల్లో తీర్చిదిద్ది, సొట్ట ఎక్కడ పడిందో వేలు పెట్టి చూపించమని ఆ కారు యజమానినే నిలదీసే మనిషికి పొగరు కాక ఇంకేముంటుంది? హైవే పక్కన రేకుల షెడ్డులో ముప్పై ఏళ్ళుగా టింకరింగు చేస్తున్నాడు. సొట్టలు తీయడం, తుప్పు కోసేసి కొత్త రేకు అతకడం, లప్పం పెట్టి నున్నగా రుద్దడం ఆయన పని. అతుకు కంటికి కనబడిందా, ఆ టింకరు ఇంటికి పోయి గొడ్లు కాసుకోవలసిందేనని ఆయన తీర్పు. ఈ తీర్పు వల్ల ఊళ్ళో తక్కిన టింకర్లెవరూ ఆయనతో మాట్లాడరు. ఆయనకు ఆ లోటూ లేదు.

ఆ సోమవారం పొద్దున ఆయన జీపు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. నెల రోజులుగా ఆయన లోకమంతా ఆ జీపే. రైసుమిల్లు వెనక తొమ్మిదేళ్ళు ఎండకూ వానకూ పడి ఉన్న పాత డీజిలు బండి అది. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే రకం. వచ్చిన రోజు దాని నేలరేకు మీద అడుగు పెడితే కాలు నేరుగా భూమికి తగిలింది. సీట్లలో ఎలుకలు కాపురం పెట్టాయి. బానెట్ ఎత్తితే లోపలినుంచి తొండ ఒకటి తలెత్తి, మీరెవరన్నట్టు చూసింది.

దాన్ని కొన్నది తోపుపాళెం ఆడవాళ్ళు. పదకొండు మంది. సముద్రం ఒడ్డున చేపలు వేలంలో పాడుకుని, గంపలకెత్తి, బజార్లలో అమ్ముకునే మనుషులు. తోపుపాళెం ఒడ్డు నుంచి తారురోడ్డుకు మూడు కిలోమీటర్లు ఇసుక. ఆటోలు దిగబడిపోతాయి. ఇన్నాళ్ళూ జయరామయ్య ట్రాక్టరే దిక్కు. గంపలు రోడ్డుకు చేర్చినందుకు అయిదు గంపలకు ఒకటి ఆయనది. అంతటితో పోతే సరే అనుకోవచ్చు. ఆ ఒకటి ఏ గంపో ఏరుకునేది కూడా ఆయనే. ఖరీదైన వంజరం చేపలున్న గంప మీదికి తప్ప ఆయన చెయ్యి పోదు. ఇదేం న్యాయమని కామమ్మ ఒకసారి అడిగింది. ఆ రోజు ఆమె గంపలను ట్రాక్టరు ఎక్కించలేదు. ఎండలో మధ్యాహ్నానికి కుళ్ళిపోయాయి.

ఈ సంగతి విన్నాకనే హెబ్రోను ఈ పని ఒప్పుకున్నాడు. లేకపోతే వాళ్ళు తెచ్చిన పొదుపు డబ్బుకు ఆ బండి చక్రాలు కూడా తిరగవు. కొత్త సామాను అనే మాట ఎత్తవద్దని వాళ్ళకు ముందే చెప్పాడు. నేలరేకు పాత కొట్టు షట్టరు నుంచి కోశాడు. రేడియేటరు తుక్కు అంగడిలో తూకానికి తెచ్చి చిల్లులు మూశాడు. సీట్లలోకి తోపుపాళెం వాళ్ళే కొబ్బరిపీచు దంచి తెచ్చారు. పైకప్పు టార్పాలినును ఆయన భార్య ఎలిశబెతు షెడ్డు వెనక ఇంట్లో మిషను మీద కుడుతున్నది. గేరు కడ్డీకి పిడి లేకపోతే సరుగుడు కట్టెను చెక్కి తొడిగాడు. ఇంజను పని పక్కషెడ్డు మెకానిక్కు చేసి పోయాడు గానీ, హెబ్రోను లెక్కలో ఇంజనుది ఏముంది, అది మూత కింద ఉండేది.

"ఏమ్మే, ఒక్కమారు ఇట్రా!" అని కిందినుంచి కేక వేశాడు.

ఎలిశబెతు నోట్లో దారం కొస పట్టుకునే వచ్చి వంగి చూసింది. కుడిపక్క, ముందు చక్రం వెనక ఉన్న ఛాసీ దూలాన్ని ఆయన గుడ్డతో తుడుస్తున్నాడు. బండి మొత్తాన్నీ మోసే ఇనుప దూలం అది. ఆ చోట ఉప్పుగాలికి పెచ్చులు పెచ్చులుగా లేచిపోయి పలచబడింది. పెచ్చులు రాలగొట్టి, గ్రైండరు ఒకసారి తాకించి, దాని మీద జానెడు పొడుగున మందపు పట్టీ వేసి, చుట్టూ వెల్డింగు పెట్టి, గ్రైండరుతో నున్నగా చేసి నల్లరంగు పూశాడు. వేలు పెట్టి రాస్తే పట్టీ ఎక్కడ మొదలైందో, దూలం ఎక్కడ ముగిసిందో తెలియడం లేదు.

"చెప్పు, అతుకు యాడుండాది?"

"నాకేం తెలుస్తది."

"అదీ! నీకే కాదు, దీన్ని చేసిన కంపెనీవోడొచ్చినా తెలవదు."

"సరేలే, నల్లరంగు మొహానికంతా పూసుకున్నావు. లేచి తుడుచుకో" అని ఆమె మిషను దగ్గరికి పోయింది. ఆయన ఇంకో పావుగంట అక్కడే పడుకుని, తన చేతిపనిని తానే చూసుకుంటూ మురిసిపోయాడు.

మంగళవారానికి రంగు ఆరింది. ఆలివుపచ్చ. డబ్బాలు చాలక మూడు కొట్ల మిగులు రంగులను కలిపాడు గానీ, ఆ మాట చెబితే తప్ప ఎవరికీ తెలియదు. మధ్యాహ్నం కామమ్మా, ఆమె కోడలు ఉషారాణీ బస్సు దిగి వచ్చారు. కామమ్మ చేతిలో ఎండుచేపల పొట్లం. షెడ్డు బయటే నిలబడిపోయింది. అరవై దగ్గరపడిన మనిషి. తరవాత పొట్లం కోడలి చేతిలో పెట్టి, జీపు చుట్టూ ఒకసారి తిరిగింది. బానెట్ మీద అరచెయ్యి ఆనించింది.

"ఏం హెబ్రోనన్నా, ఇది మనదేనా?"

"మనదే అక్కా. మిల్లోళ్ళొచ్చి చూస్తే మళ్ళా వెనక్కియ్యమంటారు. ఇయ్యబాకండి."

ఉషారాణి నవ్వింది. ఇరవై అయిదేళ్ళ పిల్ల. లైసెన్సు తీసుకున్నది పదకొండు మందిలో ఆమె ఒక్కతే. డ్రైవరు సీట్లో కూర్చుని గేరు కడ్డీ పట్టుకుని చూసుకుంటుంటే, ఆమె మొహంలో ఆనందం ఆగడం లేదు.

"జయరామయ్య ఏమంటున్నాడో తెలుసా అన్నా?" అంది కామమ్మ. "తుక్కులో దొంగబండి కొనుక్కొచ్చినారంట మేము. నంబర్లు మార్చిన బండంట. పోలీసోళ్ళొచ్చి ఆడోళ్ళందర్నీ ఎక్కించుకుని పోతారంట. ఒడ్డున పదిమందిలో చెప్పినాడు. మా ఆడబిడ్డ ఒకామె బయపడి, నా పేరు తీసెయ్యండని ఏడస్తా కూచున్నది."

"దొంగబండా!" హెబ్రోనుకు ఒళ్ళు మండింది. బానెట్ ఎత్తి, లోపల గోడకు రివెట్లతో బిగించిన ఇత్తడి రేకు చూపించాడు. చింతపండు పెట్టి తోమి తళతళలాడించి ఉంచాడు దాన్ని. "ఇదో, నంబరు. ఆర్సీలో ఉండేది ఇదే. అక్షరం తేడా లేదు. గురువారం బ్రేకు ఇన్‌స్పెక్టరు చూసి సంతకం పెడతాడు. ఆదివారానికి రెండు నెలల చేపలవేట నిషేధం అయిపోతది. సోమవారం పొద్దున పడవలొచ్చేటప్పటికి మన బండి ఇసకలో ఉంటది. అప్పుడు రమ్మను ఆ పెద్దమనిషిని."

ఆ మాటలు అంటుండగానే కిషోర్ బాబు స్కూటరు ఆపాడు. బ్రేకు ఆఫీసులో కాగితాలు నడిపించే ఏజెంటు. పాత బండి కనుక మళ్ళీ ఇన్‌స్పెక్షనుకు పెట్టాలి. గురువారం పొద్దున తారీకు తీసిందీ ఈయనే. అది తప్పితే మళ్ళీ నెలన్నర తరవాతే. జీపును చూసి ఈల వేశాడు. హెబ్రోను మీసం దువ్వుకున్నాడు.

"నంబరు పెన్సిలు అచ్చు ఒకటి తీసుకుని పోతానన్నా. ఫైల్లో పెట్టాల" అని కిషోర్ బాబు నంబరు మీద పెట్టి పెన్సిలుతో రుద్దడానికి జేబులోంచి పలచటి కాగితం తీశాడు. హెబ్రోను ఇత్తడి రేకు చూపించాడు.

"ఇదెందుకన్నా? రివెట్లు పీకి దీన్ని ఏ బండికైనా కొట్టుకోవచ్చు. ఇన్‌స్పెక్టరుకు కావాల్సింది ఛాసీ మీద గుద్దిన నంబరు. దూలం మీదుంటది. కుడిపక్క, ముందు చక్రం వెనకాల."

కుడిపక్క. ముందు చక్రం వెనకాల.

హెబ్రోను ఇత్తడి రేకు మీంచి చెయ్యి తీశాడు. పెచ్చులు రాలగొట్టేటప్పుడు ఆ చోట ఏవో గుంటలు కనబడిన మాట గుర్తుకొచ్చింది. వరసగా ఉన్నట్టే ఉన్నాయి. ఉప్పు తిన్న గుంటలే అనుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా తలుపులు, మూతలు, రెక్కలు చేసిన మనిషి. నంబర్లు, అచ్చులు, కాగితాలు అన్నీ యజమానులు చూసుకునేవి. టింకరు దగ్గరికి రేకు వస్తుంది, రేకు పోతుంది. ఛాసీ మీద పట్టీ వేసే ముందు నంబరు ఎక్కడుందో చూసుకోవాలని నిన్నగాక మొన్న పనిలో చేరినవాడికి కూడా తెలుస్తుంది. ఎవరినీ అడిగే అలవాటు లేని మనిషికి ఎవరు చెబుతారు?

"ఇప్పుడే రంగేసినా. ఆరలేదు. రేపు తీసుకుందువుగానీ" అన్నాడు. కామమ్మా వాళ్ళు మూడున్నర బస్సుకు వెళ్ళిపోయారు.

వాళ్ళు పోయాక కిషోర్ బాబు చక్రం పక్కన కూర్చుని దూలం మీద చెయ్యి పెట్టాడు. ఏజెంటు కళ్ళు కదా, మోసపోవు. నల్లగా, నున్నగా ఉన్న చోటును రెండుసార్లు నిమిరి తల ఎత్తాడు.

"మూసేసినావా అన్నా?"

హెబ్రోను తల ఊపాడు.

"దీనికంత దిగులెందుకు? ఆర్సీలో నంబరుంది. నీ దగ్గిర అంకెలు గుద్దే పంచీలుండాయి. ఆ పట్టీ మీద నువ్వే గుద్దు. కాస్త ఉప్పునీళ్ళు పోసి రెండు రాత్రులు పెడితే పాతదానిమాదిరే ఉంటది. ఎంతమంది చెయ్యలా? నీ పనితనానికి ఇన్‌స్పెక్టరు కాదుగదా, వాళ్ళ తాత గూడా కనిపెట్టలేడు." ఇంత చెప్పి స్కూటరు ఎక్కి పోయాడు.

నిజమే, కనిపెట్టలేడు. అది తలుచుకుంటేనే హెబ్రోనుకు చేతులు ఊరుకోలేదు. పెట్టె అడుగునుంచి పంచీల డబ్బా తీశాడు. సున్నా నుంచి తొమ్మిది దాకా, అక్షరాలు వేరుగా. వేస్టు ముక్క ఒకటి ఇనుప దాగలి దిమ్మ మీద పెట్టి, ఆర్సీ చూసుకుంటూ ఒక్కొక్క అంకే గుద్దాడు. సుత్తి దెబ్బ ఒక్కటే, రెండో దెబ్బ లేదు. వరస ఎక్కడా వంకర పోలేదు. ఒకటీ అరా అంకెలను కావాలనే ఒక వెంట్రుక వాసి పక్కకు జరిపాడు, కంపెనీలో చేత్తో గుద్దితే అట్లాగే ఉంటుందని. ఉప్పు పట్టించి, ఆకురాయితో అంచులు తాకించాడు. చూసుకుంటే ముప్పై ఏళ్ళ కిందటి నంబరులాగానే ఉంది. అమ్మో, ఏం చెయ్యి ఇది!

ఎలిశబెతు టార్పాలిను భుజాన వేసుకుని వచ్చింది, కొలత చూసుకోవడానికి. దాగలి మీది ముక్కను చేతిలోకి తీసుకుంది. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పలేదు; షెడ్డులో మాటలన్నీ మిషను దగ్గరికి వినబడతాయి. చెప్పవలసిన అవసరం కూడా లేకపోయింది. ముక్కను ఇటూ అటూ తిప్పి చూసింది.

"బాగుంది. బలే కొట్టినావు" అంది. "అయితే జయరామయ్య చెప్పింది నిజమే అయింది."

ముక్క మళ్ళీ దాగలి మీద పెట్టి, టార్పాలిను కొలత చూసుకోకుండానే వెళ్ళిపోయింది. హెబ్రోను చెంపదెబ్బ తిన్నవాడిలా నిలబడ్డాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె ఆయన పనికి ఒక్కసారీ వంక పెట్టలేదు. ఇప్పుడూ పెట్టలేదు. బాగుందనే అన్నది.

బుధవారం పొద్దున తొమ్మిదికల్లా ఉషారాణికి డ్రైవింగు చెప్పించుకోవడానికి అత్తాకోడళ్ళు మళ్ళీ వచ్చారు. హెబ్రోను వాళ్ళను కూర్చోమన్నాడు. తాను కూర్చోలేదు. ఇసుకలో బండి ఎట్లా నడపాలో, ముందు చక్రాలకూ ఇంజను బలం అందాలంటే వాటి నడిమి బిళ్ళలను దిగి చేత్తో ఎట్లా తిప్పాలో చెప్పవలసిన మనిషి, వేరే మాట ఎత్తాడు.

"అక్కా, నేనొక తప్పు చేసినా."

చెప్పేశాడు. నంబరు దూలం మీద ఉంటుందని తనకు తెలియకపోవడం, దాని మీదే పట్టీ వేసి మూసెయ్యడం, కిషోర్ బాబు చెప్పిన దారి, తాను ముక్క మీద గుద్ది చూసుకోవడం, ఏదీ దాచలేదు. ఆ ముక్క కూడా తెచ్చి చూపించాడు. తన తప్పును తానే నోటితో చెప్పడం ఆయనకు ఎరుకలో ఇదే మొదటిసారి.

ఉషారాణి చటుక్కున లేచి నిలబడింది. కామమ్మ మాత్రం ఆ ముక్కను ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసింది. కడుపుమంటతో తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు.

"అడుగున అసలుది ఉండాదా, పోయిందా?" అని అడిగింది చివరకు.

"తెలవదక్కా. గ్రైండరు తగిలిందో, వెల్డింగు వేడికి కరిగిందో. తెరిస్తేగానీ తెలవదు."

"తెరిచినాక లేకపోతే?"

"లేకపోతే బండి లేదు."

"ఇది కొడితే మాత్రం ఉంటదా?" అని కామమ్మ ఆ ముక్కను ఆయన చేతిలో పెట్టింది. "వాడు దొంగలన్నాడు. ఈ ముక్క పెట్టుకుని నేను వాడి ముందర నిలబడి మాట్లాడలేనన్నా. తెరువు. ఉంటే ఉంటది, పోతే పోతది. నువ్వు మూసినావు, నువ్వే తియ్యాల."

హెబ్రోను గ్రైండరు వైపు కూడా చూడలేదు. గ్రైండరు చక్రానికి ఎంత లోతు పోవాలో తెలియదు, పట్టీ దాటి అసలుదాన్ని కూడా తినేస్తుంది. చేత్తోనే చెయ్యాలి. జీపు కింద గోనెసంచి పరుచుకుని పడుకున్నాడు. మొన్నటికి మొన్న తాను మురిసిపోయిన నున్నటి చోటు మీద సుద్దముక్కతో గీత గీశాడు. జానెడు పొడుగు, రెండు వేళ్ళ వెడల్పు. గీత వెంబడి సన్నటి బర్మాతో చుట్టూ బొక్కలు వేశాడు. ఒక్కో బొక్కకూ ఆగి, ఎంత దిగిందో సూది పెట్టి చూసుకున్నాడు. ఆ తరవాత సన్న ఉలి పెట్టి, బొక్కకూ బొక్కకూ మధ్య ఉన్న ఇనుమును కొద్దికొద్దిగా తెంపాడు. దెబ్బ గట్టిగా వెయ్యకూడదు. చేతులు తిమ్మిరెక్కాయి. తన వెల్డింగు ఎంత గట్టిదో, తనకు ఇంత బాగా ఎప్పుడూ తెలియలేదు. ఏ దేవుడి దయతోనో కాస్త చేతగానివాడుగా పుట్టి ఉంటే ఈపాటికి ఊడొచ్చేది కదా అని తన మీద తనకే కోపం వచ్చింది.

పన్నెండు దాటాక పట్టీముక్క టక్కుమని ఊడి ఆయన ఛాతీ మీద పడింది.

అడుగున నల్లటి మసి, తుప్పు. ఏమీ కనబడలేదు. కిరసనాయిలు ముంచిన గుడ్డతో తుడిచాడు. ఇత్తడి బ్రష్షుతో రుద్దాడు. మళ్ళీ తుడిచాడు. సుద్దముక్కను అడ్డంగా పెట్టి చోటంతా రాశాడు. గుంటల్లో సుద్ద నిలిచి, మీద ఉన్నది తుడిచేస్తే, తెల్లగా ఒక గీత తేలింది. దాని పక్కన ఇంకోటి.

"అమ్మాయ్, ఆర్సీ తియ్యి! చదువు, ఒక్కోటే!"

ఉషారాణి నేల మీద కూర్చుని చదువుతున్నది. ఆమె ఒక అంకె చదువుతుంది, కిందినుంచి ఆయన "ఉండాది" అంటాడు. ఇంకో అంకె. "ఉండాది." కామమ్మ నిలబడినచోటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. ఎలిశబెతు మిషను ఆపి ఎప్పుడు వచ్చిందో, ఆమె పక్కన నిలబడింది. చిట్టచివరి అంకె దగ్గర ఆయన ఆగిపోయాడు. గ్రైండరు గీత ఒకటి దాని మీదుగా పోయింది. మూడా, ఎనిమిదా?

"కాగితం ఇయ్యండి. పెన్సిలు గూడా."

కాగితం ఆనించి పెన్సిలుతో పక్కగా రుద్దాడు. బయటికి జరిగి వచ్చి, కాగితాన్ని వెలుతురుకు పెట్టాడు. గ్రైండరు గీత కింద ఎడమపక్క వంపులు రెండూ సన్నగా, పలచగా పడ్డాయి.

"ఎనిమిది!" అంది ఉషారాణి, ఆయన కంటే ముందే. "ఎనిమిదే అత్తా! ఎనిమిదే ఉండాలి!"

కామమ్మ అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే తిట్టింది కూడా. "నీ నునుపు తగలెయ్య! చంపినావు గదన్నా మమ్మల్ని!" అంది. హెబ్రోను ఆ తిట్లను పండగనాటి కొత్తబట్టల్లాగా ఒళ్ళంతా కప్పుకున్నాడు.

అంతటితో ఊరుకుంటే ఆయన హెబ్రోను ఎట్లా అవుతాడు? ఆ దూలం బండి బరువు మోసేది. బొక్క పెట్టి వదిలేస్తే మూలల దగ్గర చిట్లుతుంది. నాలుగు మూలలనూ గుండ్రంగా ఆకురాయి పట్టాడు. కిటికీ చుట్టూ, నంబరుకు వేడి తగలకుండా తడిగుడ్డలు చుట్టి, సన్నటి చట్రం అతికాడు. అంచులను ఎమరీ కాగితంతో రుద్దాడు. లోపల నంబరు మీద రంగు వెయ్యలేదు, గ్రీజు పూత ఒకటి పూశాడు. దూలం నల్లగా, నడుమన ఇనుపరంగులో పొడుగాటి కిటికీ. దూరం నుంచి కూడా కొట్టొచ్చినట్టు కనబడుతున్నది. ఆయన చేతిపనిలో కంటికి కనబడే మొదటి అతుకు అదే.

గురువారం బ్రేకు ఆఫీసు ఆవరణలో ఇన్‌స్పెక్టరు మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు. తక్కువ మాటల మనిషి.

"ఏంది ఈ కిటికీ?"

కిషోర్ బాబు ఏదో చెప్పబోయాడు. హెబ్రోను అడ్డం వచ్చాడు. "తెలవక నంబరు మీద పట్టీ వేసినా సార్. మళ్ళా కోసి తీసినా."

ఇన్‌స్పెక్టరు తల ఎత్తి ఆయన మొహం చూశాడు. భూతద్దం తెప్పించుకుని ఒక్కో అంకె చూశాడు. చివరి ఎనిమిది మీద చాలాసేపు ఆగాడు. తానే కాగితం పెట్టి అచ్చు తీసుకున్నాడు. లేచి, ప్యాంటు దులుపుకుని, "బ్రేకు తొక్కమను ఆ అమ్మాయిని" అన్నాడు. అంతే. మధ్యాహ్నానికి సంతకం పడింది.

తిరిగి వచ్చేటప్పుడు హెబ్రోను మనసంతా ఆ కిటికీ మీదే ఉంది. "అక్కా, పని అయిపోయింది గదా. దానికొక మూత చేసి, మరలతో బిగిస్తా. కావాల్సినప్పుడు తీసుకోవచ్చు. అసయ్యంగా ఉండాది" అన్నాడు.

"మూసినావంటే చేతులిరగ్గొడతా" అంది కామమ్మ.

ఆదివారం గుడి నుంచి వచ్చాక ఎలిశబెతు టార్పాలిను కప్పు బిగించింది. సోమవారం తెల్లవారేసరికి ఆలుమగలిద్దరూ అత్తాకోడళ్ళతో కలిసి జీపులో తోపుపాళెం దారిన ఉన్నారు. హెబ్రోను చేసిన బండ్లలో ఆయన ఎక్కి షెడ్డు దాటి పోయింది ఇదొక్కటే. తారురోడ్డు ముగిసిన చోట ఉషారాణి ఆపి దిగింది. ముందు చక్రాల దగ్గర కూర్చుని, నడిమి బిళ్ళలు రెండూ తిప్పింది. ఎక్కి, గేరు కడ్డీ పక్కనున్న చిన్న కడ్డీ వెనక్కి లాగింది. జీపు ఇసుకలోకి దిగింది. ఒకసారి పక్కకు జారింది, మూలిగింది, ఆ తరవాత నాలుగు చక్రాలతో పట్టుకుని సరుగుడు చెట్ల మధ్యగా సాగింది. హెబ్రోను సీటు అంచు పట్టుకుని ప్రతి శబ్దమూ వింటున్నాడు. ఎక్కడా రేకు అదరడం లేదు.

ఒడ్డున రెండు నెలల తరవాత వచ్చిన పడవలు. పాట ముగిసి గంపలు నిండి ఉన్నాయి. జీపును చూడగానే ఆడవాళ్ళు కేకలు పెట్టారు, ఏడుస్తూ కూర్చున్న ఆడబిడ్డ కూడా. జయరామయ్య ట్రాక్టరు పక్కనే ఉంది. తెల్లచొక్కా, చేతికి గడియారం. ఊరి పెద్దలు ఇద్దరిని వెంటబెట్టుకుని జీపుకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"దొంగబండిని ఊళ్ళోకి తెస్తే రేపు పోలీసులు అందరి మీదా పడతారు. కాగితాలు ఎవురైనా పుట్టిస్తారు. నేను చెప్పేది ఊరి మంచికే" అన్నాడు, జనం అందరికీ వినబడేలా.

కామమ్మ జీపు దిగింది. నడుముకు దోపుకున్న సంచిలోంచి ఆర్సీ తీసి పెద్దాయన ఒకరి చేతిలో పెట్టింది.

"రా జయరామయ్యా. నువ్వు చదువుకున్నోడివి, మాకు రాదు. కంపెనీవోడు ఇనుము మీద గుద్దిన నంబరు అక్కడుండాది. నువ్వు చదువు. ఆయన కాగితంతో సరిచూస్తాడు. తేడా వస్తే బండిని సముద్రంలోకి తోసేస్తా."

జయరామయ్య ఇటూ అటూ చూశాడు. జనమంతా మూగారు. వెనక్కి పోయే దారి లేదు. నడుం వంచి చూశాడు, కనబడలేదు. ఆ కిటికీ ఉన్నది చక్రం వెనక, కింద. తెల్లపంచె ఎగగట్టి తడి ఇసుకలో ఒక మోకాలు ఆనించాడు. అయినా తల వాలలేదు. రెండో మోకాలు కూడా ఆనించాడు.

మొదటి అక్షరం చదివాడు. పెద్దాయన కాగితం చూసి తల ఊపాడు. రెండోది. మూడోది. పదకొండు మంది ఆడవాళ్ళూ వింటున్నారు. చివరి అంకె దగ్గర కాస్త ఆగి, కళ్ళు చిట్లించి, "ఎనిమిది" అన్నాడు గొణిగినట్టు.

"ఎనిమిదే" అన్నాడు పెద్దాయన.

"వెనకోళ్ళకి వినబళ్ళేదు" అంది కామమ్మ. "మొదట్నించి చదువు."

జయరామయ్య చదివాడు. ఈసారి గట్టిగా చదివాడు. అయిపోయాక ఆడవాళ్ళు గంపలు ఎత్తడం మొదలుపెట్టారు. వంజరాల గంపే అందరికంటే ముందు ఎక్కింది. ఆయన లేచి మోకాళ్ళ ఇసుక దులుపుకుంటూ, ఏదో ఒకటి అనాలని కాబోలు, ఆ కిటికీని చేత్తో చూపించి ఎగతాళిగా అడిగాడు.

"ఏం పని ఇది? అంత పెద్ద బొక్క! ఏ చేతగానోడు చేసినాడు?"

హెబ్రోను సీట్లోంచి దిగాడు. మామూలు రోజుల్లో అయితే ఆ మాట అన్నవాణ్ణి పట్టుకుని కొట్టేవాడే. ఇసుకలో నాలుగడుగులు వేసి, జీపు పక్కన, ఆ కిటికీ పక్కనే నిలబడ్డాడు. ఎలిశబెతు పైనుంచి చూస్తున్నది.

"నేనే చేసినా" అన్నాడు. "నా పేరు హెబ్రోను. నాయుడుపేట హైవే పక్కన రేకుల షెడ్డు. ఎవుర్నడిగినా చెబుతారు."